గిద్యోను మాస్టారి సెన్సర్ ప్రయోగం

ఇందుకూరుపేటలో సైన్సు మాస్టారుగా రిటైరైన గిద్యోనుకు ఆ రోజు మధ్యాహ్నం నెల్లూరులో మీటింగు ఉంది. షుగరున్నవాళ్లు చేతికి అంటించుకునే సెన్సర్లు తయారుచేసే కంపెనీవాళ్లు, వాటిని వాడేవాళ్లను పిలిచి ఇంకా ఏమేం బాగుచేయాలో చెప్పమన్నారు. గిద్యోను పద్నాలుగు కోరికలు రాసుకున్నాడు. చెమటకు ప్లాస్టరు ఊడకూడదు, ప్రార్థన మధ్యలో అలారం గోల పెట్టకూడదు, అంకెలు కళ్లజోడు లేకపోయినా కనపడాలి... ఇలా సాగింది జాబితా. పద్నాలుగోదాని దగ్గర మాత్రం అనుమానం పట్టుకుంది. సెన్సర్ ఉన్న చెయ్యి మీద పడుకుంటే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుందట. నిజమేనా? ముప్పై ఏళ్లు పిల్లలకు "చేసి చూసినాకే నమ్మండి" అని చెప్పిన మనిషి, చేసి చూడకుండా ఎలా అడుగుతాడు?

పొద్దున ఎనిమిదింటికి ఇన్సులిన్ వేసుకున్నాడు. భార్య ఎవాంజెలిన్ చేపలకని మైపాడు వెళ్లింది. అడిగేవాళ్లు, ఆపేవాళ్లు లేరు. చాప పరిచి, సెన్సర్ ఉన్న ఎడమచెయ్యి కిందపెట్టి పడుకుని, దాని అంకెలు చూపించే ఫోను ఎదురుగా పెట్టుకున్నాడు. నూటపన్నెండు. కాసేపటికి తొంభై. ఇంకాసేపటికి అరవై ఎనిమిది. అంకె దిగేకొద్దీ ఆయన ఉత్సాహం పెరుగుతోంది. యాభై నాలుగు దగ్గర ఫోను కెవ్వుమంది.

"పడిందిరా!" అని సంబరపడి, ఆ గోల భరించలేక ఫోను సైలెంట్‌లో పెట్టాడు.

సెన్సర్ అంకెలు ఎవాంజెలిన్ ఫోనుకూ వెళ్తాయి కాబట్టి, అదే గోల మైపాడులో ఆమె సంచిలోనూ మోగింది. ఆమె నాలుగుసార్లు ఫోన్ చేసింది. భర్త ఎత్తలేదు. వెంటనే పక్కింటి మస్తాన్‌కి చేసింది. రొయ్యల గుంటల మోటార్లు బాగుచేసే మస్తాన్, నూనె చేతులతోనే చెంబుడు బెల్లంనీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"సార్, తాగండి!"

"ఏందయ్యా ఇది? నాకేం కాలా. ప్రయోగం చేస్తుండా."

నేలమీద పడుకుని, చెమటలు కక్కుతూ, నవ్వుతున్న మాస్టారిని చూసి మస్తాన్ గుండె జారిపోయింది. "షుగర్ పడిపోయినోళ్లు ఏందేందో మాట్లాడతారంట సార్. అమ్మగారు చెప్పినారు."

"అది కాదయ్యా. ఒత్తిడికి చర్మం కింద ఉండే ద్రవం ఉందే, అది..."

"ఇట్నే మాట్లాడతారంట!" అంటూ చెంబు నోటికి ఆనించాడు.

వివరించేకొద్దీ లోపలికి పోయే సరుకు పెరిగింది. ద్రవం గురించి చెబితే అరటిపండు, చర్మం గురించి చెబితే ఇంకో అరటిపండు పడింది. ఇక రుజువు చూపించడమే దారి అనుకుని, గిద్యోను వేలు గుచ్చి రక్తంలో షుగర్ చూసుకునే సూది కోసం సొరుగు లాగాడు. చెయ్యి వణుకుతోంది. కోపం వల్ల అనుకున్నాడు.

"అమ్మా, సూదులు తీస్తుండాడు!" అని మస్తాన్ ఫోనులో కేకపెట్టి, మాస్టారి రెండు చేతులూ ఒడిసిపట్టుకున్నాడు. ఆ కేకకి ఎదురింట్లోంచి చక్కెర వేసిన నిమ్మసోడా వచ్చింది. అదీ తాగించారు.

ఎవాంజెలిన్ ఆటోలో దిగేసరికి, దారిలో ఎక్కించుకున్న నర్సు సాహిరా కూడా వెంట ఉంది. సాహిరా మాస్టారి జిగటవేళ్లు సబ్బుతో కడిగించి, తుడిచి, సూది గుచ్చి, రక్తపుచుక్కను షుగర్ మిషన్‌కి అంటించింది.

"చూడండి ఇప్పుడు, మూడొందలు ఉంటది," అన్నాడు గిద్యోను విజయగర్వంతో. "మీరు చేసిన నిర్వాకం మీకే తెలుస్తది."

మిషన్ డెబ్బై తొమ్మిది చూపించింది.

సాహిరా ఆ అంకెను మాస్టారి వైపు తిప్పింది. నెమ్మదిగా అంది. "ఇంత తాగి, ఇంత తిన్నాక డెబ్బై తొమ్మిది సార్. మస్తానన్న రాకముందు ఎంత ఉండిందో ఏమో!"

ఎవాంజెలిన్ వంటింట్లోకి వెళ్లి హాట్‌బాక్సు తెచ్చి మూత తీసింది. నాలుగు ఇడ్లీలూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. "ఇన్సులిన్ వేసుకున్నారు గదా. ఇవి ఎప్పుడు తిందామని?"

గిద్యోను ముఖం పాలిపోయింది. మస్తాన్ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. "బతికించినావయ్యా," అన్నాడు. కానీ రెండు నిమిషాలు గడిచేసరికి ఆయన బుర్ర మళ్లీ పని మొదలుపెట్టింది. "అయితే సాహిరా, తిననందుకు ఎంత తగ్గినట్టు? చెయ్యి ఒత్తినందుకు ఎంత తగ్గినట్టు? ఈ రెండూ విడదీయాలంటే..."

"మీటింగుకి నేనూ వస్తా," అంది ఎవాంజెలిన్.

"నువ్వేం అడుగుతావు?"

"సెన్సర్ బాగానే ఉండాది. పెట్టుకునే మనిషిలో ఏమన్నా మార్పు చెయ్యగలరేమో కనుక్కుంటా."

గిద్యోను దానికి జవాబు చెప్పబోయి, ఎందుకైనా మంచిదని ఇడ్లీ నోట్లో పెట్టుకున్నాడు.