రాగి అడిగినవాళ్ళు, తీగ అడిగిన చిలేషే

ఏనుగులు కొట్లాడుకుంటే నలిగేది గడ్డేనని మా పెద్దలు ఊరికే బెదిరించారు. పాపం, వాళ్ళు ఏనుగులు పెట్టే భోజనం తిని ఎరగరు!

నేను తిన్నాను. ఒకే రోజు రెండు పూటలా తిన్నాను.

మాది జాంబియాలో రాగిగనుల ఊరు. మా రాగి కోసం తూర్పువాళ్ళూ పడమటివాళ్ళూ పోటీ పడుతున్నారు. ఇంతకన్నా అదృష్టం ఏముంటుంది? ఒకరు మా బడికి నీలం రంగు వేయించారు. రెండోవాళ్ళొచ్చి దానిమీదే పచ్చరంగు వేయించారు. టీచర్లు లేకపోతేనేం, గోడలు చూడండి! రైలుమార్గానికి ఒకరు పునాదిరాయి వేస్తే, ఇంకొకరు దాని పక్కనే ఇంకాస్త పెద్దది పాతారు. మా ఆడవాళ్ళు ఆ రాళ్ళమీద చేపలు ఎండబెట్టుకుంటున్నారు. దీన్ని అభివృద్ధి కాదనే నోరు ఎవరికైనా ఉందా?

ఉంది. చిలేషేకి ఉంది.

ఆవిడ మా బజారులో కాలిపోయిన మోటార్లకు కొత్త రాగితీగ చుట్టిస్తుంది. తీగ దొరక్క షాపు మూతబడే దశకొచ్చింది. దొరకదు మరి! మా రాగి ఓడెక్కి వెళ్ళి, తీగై, మళ్ళీ ఓడ దిగి రావాలి. ఊరు దాటని మా చేతికి దేశాలు తిరిగొచ్చిన రాగి! గర్వంగా లేదూ?

మొన్న తూర్పు, పడమటి బృందాలు రెండూ ఒకేసారి టౌన్‌హాలుకు వచ్చాయి. ఎవరి జెండా కుడిపక్కన ఉండాలన్న తగాదాలో మా అధికారి లోంబే చొక్కా చెమటతో తడిసిపోయింది. పొద్దున తూర్పువాళ్ళు టిఫిన్ పెట్టారు. మధ్యాహ్నం పడమటివాళ్ళు కోడికూర పెట్టారు. చివర్లో మర్యాదకు, "ఎవరైనా ఏమైనా అడుగుతారా?" అని దుబాసీ చేత అడిగించారు.

చిలేషే నిజంగానే లేచింది!

"అయ్యా, మా రాగి మీ ఇద్దరికీ కావాలి. సంతోషం. తీగ తీసే ఫ్యాక్టరీ ఇక్కడే పెట్టండి. ఎవరు పెడితే వాళ్ళకే రాగి ఇద్దాం."

"కూర్చోవమ్మా! అతిథుల ముందు పరువు తీస్తావేంటి?" అన్నాడు లోంబే.

"పరువు తర్వాత చూద్దాంలే బాబాయ్. నా దగ్గర పనిచేసే ఇద్దరాడవాళ్ళనీ నిన్న ఇంటికి పంపేశా. వాళ్ళ పొయ్యి ఎలా వెలుగుతుందో అది చెప్పు!"

కోడి ఎముక నా నోట్లోనే ఆగిపోయింది.

పొద్దుట్నుంచీ ఎడమొహం పెడమొహంగా ఉన్న ఆ రెండు బృందాల నాయకులూ అప్పుడు మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇక్కడ కరెంటు చాలదు కదమ్మా," అన్నాడు తూర్పాయన.

"అదే నేనూ అనబోయాను. నిపుణులూ లేరు," అన్నాడు పడమటాయన.

"మార్కెట్టూ చిన్నది."

"ఓపిక పట్టాలి."

"గని నడపడానికి చాలిన కరెంటు తీగ తీయడానికి చాలదా?" అంది చిలేషే. దుబాసీ దగ్గాడే తప్ప ఆ మాట అనువదించలేదు.

చిలేషే షాపుకు తాళం పడింది. ఇప్పుడు గని గేటు ముందు టమాటాలు అమ్ముతోంది. రాగి లారీలు వస్తే బుట్ట పక్కకు జరుపుకుంటుంది.

నాయకులిద్దరూ మాత్రం ఆ సాయంత్రం ఒకే కారులో వెళ్ళారు. ప్రపంచశాంతి కోసం తిప్పలు పడుతున్న పెద్దలారా, ఇంత సులువని మీకెవరూ చెప్పలేదా? ఇద్దరినీ కూర్చోబెట్టి, ఒక ఫ్యాక్టరీ అడగండి. చాలు!