పులిహోర ఎవరి వంతు?

ఆ ఉదయం కంప్యూటర్ టీచర్ మంజుల వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదో తరగతికి స్ప్రెడ్‌షీట్ నేర్పాలి, పనిలో పనిగా ఆదివారం బడి వనభోజనాలకు ఎవరేం తేవాలో కూడా తేల్చేయాలి. ఒక నిలువు వరుసలో ఇంటి పెద్ద పేరు, పక్క వరుసలో ఆ ఇంటి వంట.

ఇబ్రహీంపట్నం పక్కనున్న ఆ ఊళ్లో వంతులు ఎప్పుడూ మారవు. పులిహోర బడి కమిటీ చైర్మన్ మల్లేశయ్య ఇంటినుంచే రావాలి. ఆదిభట్లలో కంపెనీ బస్సు నడిపే పరశురాంకు ఇంకా పెళ్లి కాలేదు కాబట్టి ఉప్పు ప్యాకెట్ తెస్తే చాలు. మల్లేశయ్య భార్య నాగులమ్మ పులిహోర తిన్నవాళ్లకు పులుపుతో పళ్లు జివ్వుమంటాయి. అయినా చైర్మన్ ఇంటి వంట కాబట్టి అందరూ లొట్టలు వేస్తారు.

"పేర్లను అక్షరాల వరుసల పెట్టు" అంది మంజుల. కంప్యూటర్ ముందు కూర్చున్న తొమ్మిదో తరగతి సాయిశ్రీ పేర్ల వరుసను మాత్రమే ఎంచుకుని మీట నొక్కింది. పేర్లన్నీ చోటు మారాయి, వంటలు ఉన్నచోటే ఉండిపోయాయి. ప్రింటు ముచ్చటగా రావడంతో ఎవరూ చదివి చూడలేదు. సాయంత్రానికి అది ఇంటింటికీ చేరింది.

మర్నాడు మల్లేశయ్య ఊగిపోతూ వచ్చాడు. "టీచరమ్మా, నా ఇంటికి ఉప్పా? మా ఆమె రాత్రి సంది అన్నం ముట్టలే!"

"సార్, గది కంప్యూటర్ల జరిగిన తప్పు..."

"కంప్యూటర్ తప్పు చేస్తదా? మీరే కావాలని రాసిన్రు. సోమవారం గా కంప్యూటర్ గదికి తాళమేసి కమిటీ ఆఫీసు చేస్త!"

గది పోతే మంజుల ఉద్యోగమూ పోయినట్టే. చెప్పే పాఠమే చేతకాలేదని ఎలా ఒప్పుకుంటుంది?

ఆదివారం తెల్లవారుతుండగానే పరశురాం చైర్మన్ ఇంటి పెరటి గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, పులిహోర నా మీద పడ్డది. నాకు చాయ్ తప్ప ఏం రాదు. జర చేసి పెట్టవా?"

నాగులమ్మ ముఖం వికసించింది. "మా ఆయనకు మాత్రం చెప్పకు" అని, మామూలుకంటే గుప్పెడు ఎక్కువ చింతపండు నానబెట్టింది.

మామిడితోటలో భోజనాల బంతి సాగింది. పరశురాం తెచ్చిన పులిహోర ఒక ముద్ద నోట్లో పెట్టుకోగానే మల్లేశయ్య ముఖం వంకర్లు పోయింది.

"ఏందిరా పరశురాం గిది? మనుషులు తింటరారా దీన్ని? బర్లు గూడ మూతి తిప్పుకుంటయ్!"

పరశురాం చూపు నాగులమ్మ మీదికి పోయింది. ఊరంతా అటే చూసింది.

"గది నేనే చేసిన" అంది నాగులమ్మ. "పెండ్లయినప్పటి సంది మస్తుంది, మస్తుంది అంటున్నవ్ గదా?"

మల్లేశయ్య గబగబా నీళ్ల గ్లాసు అందుకున్నాడు. పాపం, మంజులకు ఇక దాచడానికి మనసొప్పలేదు. "తప్పు నాది అక్కా. పేర్లు కదిలినయ్, వంటలు కదల్లే. నేను చూసుకోలే" అనేసింది.

"నువ్వు ఊకో బిడ్డా. ఈయన ఇన్నేండ్లు కడుపుల పెట్టుకున్న మాట నీ కంప్యూటర్ ఒక్క పూటల కక్కించింది. గా గదికి ఎవడు తాళమేస్తడో నేనూ చూస్త!"

సోమవారం గది తెరిచే ఉంది. పేర్లతో పాటు వంటల్నీ ఎంచుకున్నాకే వరుస మార్చాలని మంజుల పిల్లలందరిచేతా గట్టిగా చెప్పించింది. ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదో ఏమో, మధ్యాహ్న భోజనం నాణ్యత పరిశీలించడానికి చైర్మన్ మల్లేశయ్య స్వయంగా బడికి వచ్చి, మూడోసారి కూడా వడ్డించమన్నాడు.