మనిషిని చూసి కొన్న కారు

మా ఇంటి అవసరార్థం ఒక పాత కారు కొనవలెనని కుటుంబ పెద్దలందరూ సమావేశమై ఏకగ్రీవంగా తీర్మానించడమైనదని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేస్తున్నాను. ఏ కారు అన్న దగ్గర మా ఆవిడ ఒక్కతే వేరే మాట అన్నది గానీ, ఆ కారు నడపబోయేది తానే కాబట్టి ఆమె అభిప్రాయంలో స్వార్థం ఉండవచ్చని భావించి దాన్ని పరిగణనలోకి తీసుకోలేదు. కనుక ఏకగ్రీవమే.

అవసరం నిజానికి ఆవిడదే. రక్తపరీక్షలు చేయడం ఆవిడ ఉద్యోగం. ఊరి బయట కొత్తగా కట్టిన ఆసుపత్రిలో ల్యాబుకు ఆవిడను ఇన్‌చార్జిగా వేశారు. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన పదవి. చిక్కల్లా ఆ ల్యాబు పొద్దున్న ఆరింటికల్లా తెరవాలి. రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్ళు ఖాళీ కడుపుతో వస్తారు, ఖాళీ కడుపుతో ఉన్నవాడికి ఎదుటివాళ్ళ కష్టసుఖాలతో పనిలేదు. ఆ దారిన మొదటి బస్సు వెళ్ళేసరికి ఎనిమిదవుతుంది. కొన్నాళ్ళు చూస్తామనీ, ఆలస్యాలు జరిగితే ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడతామనీ పెద్ద డాక్టరు ముందే చెప్పేశారు.

"నాకు పొద్దున్నే స్టార్టయ్యే బండి కావాలి. అంతే. ఇంకేమీ అక్కర్లేదు" అంది మా ఆవిడ.

ఇంత చిన్న కోరిక కోరే మనిషికి కార్ల గురించి ఓనమాలు కూడా తెలియవని మాకు అప్పుడే అర్థమైంది. వెంటనే కమిటీ వేశాం. అధ్యక్షులు మా పెదనాన్న. గిడ్డంగుల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. సరుకు వైపు తల తిప్పకుండానే సరుకు బాగుందని సంతకం పెట్టడంలో ఆయనకు సాటి వచ్చేవాళ్ళు ఆ శాఖలో లేరని చెప్పుకుంటారు. సాంకేతిక సలహాదారు మా బావమరిది. అతనికి కారు లేదు, లైసెన్సూ లేదు. అయితే ఫోనులో కార్ల వీడియోలు చూసీ చూసీ కళ్ళజోడు తెచ్చుకున్నాడు. ఆవిడ భర్తనన్న ఒకే ఒక్క అర్హత మీద నన్ను సభ్యుడిగా తీసుకున్నారు.

మా వంశంలో ఒక పద్ధతి ఉంది. మేం వస్తువును చూసి కొనం, అమ్మే మనిషిని చూసి కొంటాం. వస్తువుదేముంది, రంగు వేస్తే మెరుస్తుంది, మనిషి మొహం అలా కాదని పెదనాన్న సిద్ధాంతం. అమ్మకందారు కళ్ళలో నిజాయితీ కనిపించిందని ఆయన ఇల్లు కొన్నారు. వానాకాలం మినహాయిస్తే ఆ ఇంటికి ఏ లోటూ లేదు. షాపువాడు వంగి నమస్కారం పెట్టిన తీరు చూసి మా నాన్న ఫ్రిజ్ కొన్నారు. అది ఇవాళ్టికీ బట్టలు దాచుకోవడానికి దివ్యంగా పనికొస్తోంది.

కమిటీ మొదట పాత కార్ల డీలరు దగ్గరికి వెళ్ళింది. మెయిన్ రోడ్డు మీద పల్లంలో పెద్ద ఖాళీ స్థలం, చుట్టూ ఇనప కంచె, వరసగా కార్లు, మూల మీద ఒక గది, వెనక అతని ఇల్లు. మేం గేటు దాటిన క్షణం నుంచీ పరిశీలన మొదలుపెట్టాం. అతను తెల్ల బూట్లు వేసుకున్నాడు. అది మాకు నచ్చలేదు. మమ్మల్ని చూడగానే నవ్వాడు. అదసలు నచ్చలేదు.

మా ఆవిడ తనకేం కావాలో చెప్పింది. డీలరు తల గోక్కుని, ఎదురుగా ఉన్న బూడిదరంగు కారు చూపించాడు.

"చూడ్డానికి బాగుంటుందమ్మా, కానీ దీని జోలికి పోకండి. మూడో గేరు జారిపోద్ది. ఏసీ రొద పెడతది గానీ చల్లబడదు. వెనక ఎడం తలుపు బయట్నుంచి తెరుచుకోదు. పొద్దున్నపూట అయితే తోస్తే గానీ కదలదు. అదిగో, ఆ నీలం బండి చూడండి. మొహం బాలేదు, గీతలు పడ్డాయి. ఇంజను మాత్రం రాయి. ఏదైనా తేడా వస్తే ఆర్నెల్లదాకా నాదే పూచీ, కాగితం మీద రాసిస్తా."

మా ఆవిడ నీలం కారెక్కి తాళం తిప్పింది. స్టార్టయింది. ఆ వీధి చివరిదాకా వెళ్ళి వచ్చి, "ఇది చాలు" అంది. ఆవిడ మొహం వెలిగిపోతోంది. ఈలోగా కమిటీ పక్కకు వెళ్ళి రహస్య చర్చలు జరిపింది.

"తన సరుకుని తనే తిట్టుకుంటున్నాడంటే, పైకి చెప్పనివి ఇంకెన్ని ఉంటాయంటావ్?" అన్నారు పెదనాన్న.

"బండి మంచిదైతే గ్యారంటీ ఎందుకిస్తాడు బావా? ఇస్తున్నాడంటేనే ఏదో ఉంది" అన్నాడు బావమరిది.

నాకూ ఏదో ఒకటి అనాలి కాబట్టి బూట్ల సంగతి గుర్తుచేశాను. కమిటీ నా పరిశీలనా శక్తిని అభినందించి, నీలం కారును తిరస్కరించింది. డీలరు ఏమీ అనుకోలేదు. "మంచిదండీ, వెళ్ళి రండి" అన్నాడు. ఆ 'రండి'లో పొగరుందని పెదనాన్న దారంతా అంటూనే ఉన్నారు.

ఆ వారంలోనే పేపర్లో ఒక ప్రకటన పడింది. 'కన్నబిడ్డలా పెంచుకున్న కారు. మనసున్న కుటుంబానికి మాత్రమే ఇవ్వబడును. డీలర్లు దయచేసి రావద్దు.' ఆ చివరి మాట చదివి పెదనాన్న కళ్ళు తుడుచుకున్నారు.

ఆ పెద్దమనిషి ఇల్లు చూడాలి మీరు! గుమ్మం దగ్గర చెప్పులు వరసగా ఉన్నాయి. మెట్ల మీద పూలకుండీలు. గోడకు పిల్లలు పతకాలు వేసుకుని దిగిన ఫొటోలు. భుజాన తువ్వాలుతో ఆయనే ఎదురొచ్చి, నడుం నొప్పేమోనని పెదనాన్న వెనక్కి ఒక దిండు పెట్టారు. పెదనాన్న నావైపు చూశారు. ఆ దిండుతోనే బేరం అయిపోయిందని నాకు తెలిసిపోయింది.

ఆ తర్వాత ఆయన కారు గురించి మాట్లాడారు. దాని పేరు బుజ్జి అట. పెద్దపిల్ల పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి బుజ్జి మీదే తెచ్చుకున్నారట. వాళ్ళమ్మ పోయేముందు బుజ్జి జాగ్రత్త అని చెప్పి మరీ పోయిందట. ఆయన భుజం మీది తువ్వాలు తీసి కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. ఆయన భార్య రుమాలుతో కళ్ళొత్తుకుంటూ లోపలికి వెళ్ళింది. బావమరిది ముక్కు చీదాడు. ఏం దాచుకోను, నాకూ గుండె కరిగిపోయింది.

అప్పుడు మా ఆవిడ, అంత దుఃఖంలోనూ, "ఒకసారి స్టార్ట్ చేసి చూడొచ్చా అండీ?" అంది.

పెద్దమనిషి తలెత్తి, "నమ్మకం లేకపోతే వద్దులేమ్మా. ఇంటిబిడ్డని పరీక్షలు పెట్టి పంపలేను" అన్నారు.

పెదనాన్న లేచి నిలబడి కమిటీ తరఫున క్షమాపణ చెప్పారు. "మా అమ్మాయి చిన్నది, తెలీదు. తమరేమీ మనసులో పెట్టుకోవద్దు. ఇవాళ మేం కొనేది యంత్రాన్ని కాదు. ఒక కుటుంబపు ప్రేమాభిమానాలకు వారసులమవుతున్నాం" అని ఆయన ఉపన్యసించగా, బావమరిది చప్పట్లు కొట్టి నాలుక కరుచుకున్నాడు. కన్నీళ్ళు పెట్టుకుంటున్న మనిషితో బేరమాడటం సంస్కారం కాదు కనుక ఆయన చెప్పిన ధరే ఇచ్చాం. కాగితాలు చదవడం అంతకన్నా అమర్యాద కనుక పెదనాన్న నన్ను చదవనివ్వకుండానే సంతకం పెట్టించారు.

కారు బయట ఉంది. బూడిదరంగుది. కొత్త సీటు కవర్లు, అద్దానికి వేలాడుతున్న బొమ్మ.

"దీన్ని ఎక్కడో చూసినట్టుంది" అంది మా ఆవిడ.

"లోకంలో బూడిదరంగు కారు ఇదొక్కటే ఉంటుందా అక్కా?" అన్నాడు బావమరిది. డీలరు దగ్గర మేం ముగ్గురం బూట్లే చూశాం కాబట్టి, ఈ విషయంలో కమిటీ దగ్గర వేరే సమాచారమేమీ లేదు.

సాగనంపిన తీరు మాత్రం జన్మలో మరిచిపోలేం. ఆ పెద్దమనిషీ, భార్యా, పిల్లలూ అందరూ కారు వెనక చేతులు వేసి, వీధి మలుపుదాకా దాన్ని వదల్లేక వదల్లేక వెంట వచ్చారు. కొంచెం ముందుకు తోసినట్టు కూడా అనిపించింది. అంత ప్రేమ అన్నమాట.

మర్నాటి నుంచి బుజ్జి పొద్దున్నపూట కదలనని మొరాయించింది. పుట్టింటి మీద బెంగ పెట్టుకుందని పెదనాన్న తేల్చారు. మూడో గేరు జారుతోందంటే, స్పీడు ఒంటికి మంచిది కాదని దానికి తెలుసునన్నాడు బావమరిది. ఏసీ చప్పుడు వింటుంటే తోడుగా ఎవరో ఉన్నట్టుందని నేనన్నాను. వెనక ఎడం తలుపు బయటినుంచి తెరుచుకోకపోవడం దొంగల బారి నుంచి కాపాడే ఏర్పాటుగా కమిటీ గుర్తించింది.

"ఆ డీలరు చెప్పినవన్నీ ఇవే కదండీ!" అంది మా ఆవిడ.

"చూశావా, వాడి నోరు ఎలాంటిదో. మన బండికి కూడా వాడి దిష్టే తగిలింది" అన్నారు పెదనాన్న.

కమిటీ తన బాధ్యత నుంచి తప్పుకోలేదు. రోజూ చీకటితోనే లేచి, ముగ్గురం కలిసి బుజ్జిని తోసేవాళ్ళం. అయినా ఆలస్యమే. ఖాళీ కడుపులవాళ్ళు ల్యాబు తలుపు బాదడం, పెద్ద డాక్టరు గడియారం వైపు చూడటం, మా ఆవిడ ఇంటికొచ్చి అన్నం కలుపుకుని తినకుండా కూర్చోవడం. ఒకరోజు, "ఇంకొక్కసారి లేటయితే కుర్చీ దిగమన్నారు" అంది. ఆ నీలం కారే కొనాల్సిందేమో అనిపించింది నాకు. ఆ మాట పైకి అంటే కమిటీ ఐక్యత దెబ్బతింటుందని ఊరుకున్నాను.

మర్నాడు ఇంటి దగ్గర తోస్తే బుజ్జి కదిలింది, మెయిన్ రోడ్డు ఎక్కి ఆగిపోయింది. వెనకే పరిగెత్తుకెళ్ళి మళ్ళీ తోశాం. పల్లం కదా, అదే దొర్లుకుంటూ వెళ్ళి డీలరు గేటు ముందు నిలబడింది. తప్పిపోయిన ఆవు ఇల్లు వెతుక్కుని వచ్చినట్టు వచ్చింది.

డీలరు నోట్లో పళ్ళ బ్రష్షుతో బయటికొచ్చాడు. బూట్లు లేవు. కారును చూసి ఉమ్మేసి, "వచ్చావా తల్లీ" అన్నాడు. మావైపు తిరిగి, "మీరెళ్ళిన మర్నాడే ఇది కొన్నాడండీ ఒకాయన. ఆయనక్కూడా అన్నీ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. నడుపుకోడానికి కాదు, నెలకో బండి పట్టుకెళ్ళి ఇంటి ముందు పెట్టి అమ్ముకుంటాడు. అన్నిటికీ బుజ్జనే పేరు" అన్నాడు.

మా ఆవిడ ఇదంతా వినలేదు. గడియారం చూసుకుంటూ నీలం కారు దగ్గర నిలబడింది. డీలరు జేబులోంచి తాళం తీసి ఆవిడ చేతికిచ్చాడు.

"ముందు డ్యూటీకి వెళ్ళండమ్మా. బేరం సాయంత్రం మాట్లాడుకుందాం."

"నేనెవరో తెలీదు, తీసుకుని పోతే?" అంది.

"మీరు బండిని చూశారు కదమ్మా" అన్నాడతను.

నీలం కారు ఒక్క తిప్పుకి స్టార్టయింది. ల్యాబు ఆరింటికి తెరుచుకుంది. సాయంత్రం తన పొదుపు డబ్బుతో మా ఆవిడ దాన్ని కొనేసింది. కమిటీకి కబురు కూడా లేదు. ఆనాటి నుంచి ఇవాళ్టిదాకా ఆలస్యమన్నది లేదు. రోజూ స్టార్టవుతోందంటేనే అందులో ఏదో మోసం ఉందని బావమరిది గట్టిగా నమ్ముతున్నాడు. పెదనాన్న అది ఎక్కనని భీష్మించుకున్నారు.

ఇక డీలరు చేసిన అన్యాయం మీద కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. నోట్లో నాలుక లేని అంతటి ఉత్తమ గృహస్థుడికి ఇలాంటి బండి అంటగట్టిన డీలరును ముక్తకంఠంతో ఖండించాం. పాపం, ఆ పెద్దమనిషిని ఓదార్చడానికి ముగ్గురం వెళ్ళాం కూడా. ఇంటి ముందు ఎర్ర కారుంది. దిండు వేసి కూర్చోబెట్టి, ఆయన దాని గురించి చెబుతూ ఏడ్చారు. బావమరిది జేబులో డబ్బు లేకపోబట్టి గానీ, ఆ ఎర్ర బుజ్జి కూడా మాతో వచ్చేసేది.

ఎలాగూ నీలం కారు ఉంది కాబట్టి మా బూడిదరంగు బుజ్జిని అమ్మకానికి పెట్టాం. గుమ్మం దగ్గర చెప్పులు వరసగా సర్దాం. దిండు కొన్నాం. పెదనాన్నకు ఇప్పుడు ఏడుపు అభ్యాసం అవసరం లేదు, తువ్వాలు భుజాన వేసుకోగానే కన్నీళ్ళు వచ్చేస్తున్నాయి. నిన్న ఒక కుటుంబం వచ్చింది. మా పిల్లల చదువులు అడిగారు, నా ఆరోగ్యం అడిగారు, బానెట్ మాత్రం ఎత్తలేదు. అంతలో మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, వద్దంటున్నా వినకుండా, మూడో గేరు, ఏసీ, ఎడం తలుపు, పొద్దున్నపూట మొరాయింపు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేసింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

వాళ్ళు పక్కకు వెళ్ళి గుసగుసలాడుకున్నారు. వాళ్ళ పెద్దాయన మాట నా చెవిన పడింది.

"ఆవిడకి అమ్మడం ఇష్టం లేనట్టుంది. వదులుకోలేక వంకలు చెబుతోందంటే, బండి ఎంత బాగుండి ఉండాలి!"

మేం చెప్పిన దానికన్నా ఎక్కువే ఇస్తామని, ఆదివారం వస్తామని చెప్పి వెళ్ళారు. అయితే మేం ఇంకా మాట ఇవ్వలేదు. మీరు ముందుగా వస్తే మీకే. ఇంతసేపు నా మాటలు విన్నారు, అందుకే ఉన్నదున్నట్టు చెబుతున్నాను, బండిలో లోపాలన్నీ మీకిప్పుడు తెలుసు. ఇన్ని చెప్పినవాడు మోసగాడై ఉండడని మీకు అనిపిస్తోంది కదూ? రండి, దిండు వేసి ఉంచుతాను.