షెడ్డులో పదికి పన్నెండు

ఆ ఆదివారం పొద్దున స్కేలు మాస్టారు వేసుకున్న పథకం చిన్నదే. సాయంత్రానికల్లా పెరట్లోని రేకుల షెడ్డులో ఒక మూలగా చెక్క గది నిలబెట్టాలి. ముప్ఫయ్యేళ్ళు బడిలో డ్రాయింగు చెప్పి, రిటైరయ్యాక కూడా జేబులో స్కేలు మానలేదు కనుక ఆయనకా పేరు. షెడ్డు తండ్రిది. తండ్రి అందులో కుర్చీలు, బల్లలు చేసేవాడు. ఎండాకాలం తలకి తడిగుడ్డ చుట్టుకుని చిత్రిక పట్టేవాడు. వానొస్తే రేకుల మోతకి సైగలతో మాట్లాడేవాడు. ఇప్పుడా పనిముట్లతో మాస్టారు ఏమైనా చేద్దామంటే, పదింటికల్లా షెడ్డు పెనంలా కాలుతోంది. అందుకే లోపల ఇంకో గది. రెండు పొరల ప్లైవుడ్డు, మధ్యలో వేడినీ మోతనీ ఆపే థర్మాకోలు, ఒక తలుపు, ఒక కిటికీ.

ఎనిమిదింటికి వడ్రంగి కరెంటు రంపం మొదలుపెట్టాడు. మాస్టారు చెవుల్లో దూది పెట్టుకున్నారు.

అదే సమయానికి వంటింట్లో ఆయన భార్య తన అక్కగారితో ఫోనులో మాట్లాడుతోంది. "మీ మరిదిగారు షెడ్డులో గది వేసుకుంటున్నారక్కా. లోపల కూర్చుంటే బయటి మాట ఒక్కటీ వినపడకూడదట. ఇక పగలంతా అక్కడేనట," అని నిట్టూర్చింది. నిట్టూర్చింది, అప్పుడే కడిగిన గిన్నెల మీద రంపపు పొట్టు వచ్చి పడినందుకు. అక్కగారికి గిన్నెలు కనపడలేదు. నిట్టూర్పు మాత్రం స్పష్టంగా వినపడింది.

ఆవిడ వెంటనే తమ ఇద్దరి మధ్య పుట్టిన తమ్ముడికి ఫోను చేసి, "చెల్లి కాపురం రేకుల షెడ్డు పాలైందిరా," అంది. పదిన్నరకి ఇద్దరూ స్కూటరు మీద దిగి, నేరుగా షెడ్డులోకి నడిచారు.

"ఈ ఆలోచన ఎన్నాళ్ళ నుంచి బావగారూ?" అని తమ్ముడు మెల్లగా కదిపాడు.

మాస్టారి మొహం వెలిగింది. "నలభయ్యేళ్ళ నుంచి. ఇప్పటికి కుదిరింది."

అతను మనసులో లెక్క వేసుకున్నాడు. చెల్లెలి పెళ్ళయి ముప్ఫై ఎనిమిదేళ్ళే.

"ఇద్దరూ సర్దుకోవచ్చు కదండీ," అంది అక్కగారు.

"ఇద్దరెక్కడ పడతారు వదినగారూ, పదికి పన్నెండడుగులేగా. నా ఒక్కడికే."

రంపం మళ్ళీ అందుకుంది. తమ్ముడు గొంతు పెంచాడు. "మరి మా చెల్లి సంగతేంటి?"

దూది దాటి లోపలికి వెళ్ళేసరికి చెల్లి బల్ల అయింది. వాళ్ళిద్దరి వెనకాల, తండ్రి పనిచేసిన పాత బల్ల ఉంది. మాస్టారు దాని వైపు జాలిగా చూశారు.

"పాతబడిపోయింది బావగారూ. కాళ్ళూగుతున్నాయి. పారేద్దామంటే మనసొప్పదు. గది బయటే ఉంచేసి, రేకులు కారినప్పుడు పట్టా కప్పుతాను."

అక్కగారు కొంగుతో కళ్ళొత్తుకుంటూ వంటింటి వైపు నడిచింది. రెండు నిమిషాల్లో భార్య గరిటెతో సహా షెడ్డులోకొచ్చింది, వెనకే అక్కగారు. ఎవరూ చెప్పకుండానే వడ్రంగి రంపం ఆపేశాడు.

"నా కాళ్ళూగుతున్నాయా?"

మాస్టారు దూది తీశారు. "నీ కాళ్ళెందుకూగుతాయి?"

"నన్ను బయట పెట్టి పట్టా కప్పుతారట."

జరిగింది అర్థం కావడానికి ఆయనకి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వలేదు. ముగ్గురినీ మూలనున్న ఇనుప స్తంభం దగ్గరికి తీసుకెళ్ళి అరచేత్తో దుమ్ము తుడిచారు. తెల్లరంగుతో గీసిన గీతలు బయటపడ్డాయి. పక్కన వంకర అక్షరాల్లో ‘తలుపు’, ‘కిటికీ’ అని రాసి ఉంది.

"నాన్న రాసినవి. టేపు రెండో కొస నేను పట్టుకున్నాను. వచ్చే ఎండాకాలానికి లోపల గది వేద్దాంరా, హాయిగా పని చేసుకుందాం అన్నాడు. ఆ ఎండాకాలానికి ఆయనే లేడు."

భార్య గరిటె దించింది. "నాకెప్పుడూ చెప్పలేదే."

"చెబితే వెంటనే కట్టేయమంటావు. కట్టేస్తే, నాన్నతో కలిసి చేయాల్సిన పనంటూ ఇంకేం మిగలదనిపించేది."

ఆ తర్వాత ఎవరూ ఇంటికి వెళ్తామనలేదు. తమ్ముడు చొక్కా చేతులు మడిచి పలకలు పట్టాడు. అక్కగారు థర్మాకోలు అందించింది. అయిదింటికి తలుపు బిగిసింది. చప్పుడు ఏమాత్రం ఆగుతుందో చూస్తానని భార్య లోపలికెళ్ళి తలుపేసుకుంది. పావుగంటైనా రాలేదు. మాస్టారు తట్టారు, పలకలేదు. కిటికీలోంచి చూస్తే, కుర్చీలో కళ్ళు మూసుకుని హాయిగా కూర్చుని ఉంది.

చివరికి బయటికొచ్చి, "రేపు నా కుట్టుమిషను ఇందులో పెట్టించండి. ఇంత నెమ్మది ఈ ఇంట్లో నేనెప్పుడూ ఎరగను," అంది.

మాస్టారు పాత బల్ల దగ్గరికి వెళ్ళి, ఓ చెక్కముక్క మీద చిత్రిక లాగారు. ఆ సరసర చప్పుడు రేకులకి తగిలి, తండ్రి ఉన్న రోజుల్లోలాగే తిరిగొచ్చింది. గదిలో అయితే ఇలా తిరిగిరాదని ఆయనకి అప్పుడు తట్టింది. మళ్ళీ లాగారు.

వెళ్ళే ముందు తమ్ముడు ఆయన్ని పక్కకి పిలిచి, "మా మేడ మీద కాస్త ఖాళీ ఉంది బావగారూ. ఆ వడ్రంగి నంబరు ఇస్తారా?" అన్నాడు.

నంబరు రాసుకున్నాక, ఈ సంగతి తన భార్య చెవిన పడనివ్వొద్దని మరీ మరీ చెప్పాడు.