అందరి ఆమోదంతో స్వతంత్రం

ముందుగా ఒక మనవి. అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. ఒత్తులు తప్పినా, దీర్ఘాలు జారినా సర్దుకుని చదవండి. రాయడమూ నెమ్మదే, ఒక పేరా పూర్తయ్యేసరికి పక్కనున్న కాఫీ చల్లారిపోతుంది. అయితే నేను చెప్పబోయే చోట పనులు నా రాతకంటే నెమ్మదిగా నడుస్తాయి కాబట్టి, కథ నన్ను దాటి వెళ్ళిపోతుందన్న భయం లేదు.

స్వీడన్ తీరంలోని నూర్విక్ పట్టణ కాలేజీ పాలకవర్గం ఆ ఏడాది ఒక చారిత్రక నిర్ణయం తీసుకుంది. ఇకపై విద్యార్థులందరూ స్వతంత్రంగా బతకడం నేర్చుకోవాలి. ఎవరి కిందా ఉద్యోగం చేయకుండా, చదువుకుంటూనే సొంతంగా పనులు తెచ్చుకుని చేసుకునే ఫ్రీలాన్స్ విద్యను వసంతకాలం నుంచి తప్పనిసరి చేశారు. స్వతంత్రంగా ఉండటం ఇష్టం లేనివారు డాక్టరు చేత రాయించుకుని రావాలి. ఇష్టమున్నవారు వేళకు వచ్చి, తమకు కేటాయించిన కుర్చీలోనే కూర్చోవాలి.

ఈ విద్య బోధించడానికి ఓర్యన్ గారిని మించిన అర్హుడు దొరకలేదు. ఆయన చదువు ముగిసిన మర్నాడే ఇదే కాలేజీలో పర్మినెంటు ఉద్యోగంలో చేరి, నాటి నుంచి కదలలేదు. ఆయన్ను కదిలించాలంటే దేశపు చట్టాలు మార్చాలి. అటువంటి మనిషి మొదటిరోజు వేదికెక్కి, అభద్రతలోని మాధుర్యాన్ని వివరించారు.

"మిత్రులారా, రేపు ఏం జరుగుతుందో తెలియకపోవడమే జీవితం. ఆ ఆనందం మీ కళ్ళల్లో నేను చూడాలి," అన్నారు. ఆ ఉపన్యాసం తయారుచేసిన శ్రమకు బాగా అలసిపోయి, మర్నాటి నుంచి జీతంతో కూడిన సెలవు తీసుకున్నారు. సెలవు ముగిశాక వచ్చి రెండో పాఠం చెప్పారు.

ఈ చదువును నిజంగా నమ్మిన పిల్ల తూవా. బొమ్మలు గీయడం ఆమె విద్య, రెండో సంవత్సరం. నమ్మడానికి కారణం ఉంది. వేసవి దాటేలోగా సొంతంగా ఒక్క పనైనా నిలబెట్టుకోకపోతే, పెదనాన్న గారి కాగితం మిల్లులో వచ్చేవారికి నమస్కారం పెట్టే బల్ల దగ్గర కూర్చోవాలి. పెదనాన్న చాలా మంచివాడు. అడగకముందే ఆ కుర్చీని ఆమె ఎత్తుకు సరిచేయించి పెట్టాడు. తూవాకు ఆ కుర్చీ కలల్లోకి వచ్చేది.

పని కావాలంటే ముందు ఇంటర్నెట్‌లో తన గురించి తానే నాలుగు మాటలు రాసుకోవాలని ఓర్యన్ చెప్పారు. నూర్విక్‌లో ఇది చిన్న సంగతి కాదు. అక్కడ ఎవరైనా "నేను బాగా గీస్తాను" అంటే, ఇంకొకరి వంతులో భవనమంతటికీ ఉమ్మడిగా ఉండే లాండ్రీ గదిలోకి దూరి బట్టలు ఉతుక్కుంటున్న మనిషిని చూసినట్టు చూస్తారు. తూవా చాలా ఆలోచించి, "బొమ్మలు గీస్తాను. చూసినవాళ్ళు పెద్దగా ఫిర్యాదు చేయలేదు" అని రాసింది.

క్లాసు దాన్ని చర్చకు తీసుకుంది. చర్చంటే అరుపులు కావు. అందరూ బల్ల చుట్టూ కూర్చుంటారు, వరుసగా ఒక్కొక్కరే మాట్లాడతారు. ఎవరూ ఎవరికీ అడ్డురారు, ఎవరూ కాదనరు. నచ్చనివారు "ఆసక్తికరంగా ఉంది" అంటారు. ఆ మాట ముగ్గురి నోట వచ్చిందంటే ఆ సంగతి ఇక లేనట్టే. తూవా వాక్యం ఆ రోజు చాలా ఆసక్తికరంగా ఉందని తేలింది. "పెద్దగా" అన్నచోట కాస్త గర్వం ధ్వనిస్తోందని ఒకరు, "చూసినవాళ్ళు" అంటే చూడనివాళ్ళు చిన్నబుచ్చుకుంటారని మరొకరు సున్నితంగా సూచించారు. సాయంత్రానికి అందరి ఆమోదంతో తుది రూపం వచ్చింది: "గీయగలను, అవసరమైతే." ఇంట్లో వాళ్ళమ్మ అది చదివి, కొంచెం ఎక్కువైందేమో చూసుకోమంది.

వింత ఏమిటంటే దానికే పని వచ్చింది.

ఊరవతల రేవులో రూత్ అనే ముసలావిడ హెర్రింగ్ చేపల్ని ఉప్పునీళ్ళలో పులియబెట్టి, డబ్బాల్లో మూసి అమ్ముతుంది. ఆ డబ్బా సంగతి ఆ తీరంలో నడక రాని పిల్లలకు కూడా తెలుసు. మూత వేశాక కూడా లోపల పులుస్తూనే ఉంటుంది కనుక అది నిండు చూలాలి పొట్టలా ఉబ్బుతుంది. ఇంట్లో ఎవరూ తెరవరు. ఆరుబయట, గాలివాటు చూసుకుని తెరుస్తారు. ఆ కంపుకు సముద్రపు కాకులు కూడా ఒడ్డు మారతాయి. తినేవాళ్ళు మాత్రం దానికోసం ఏడాదంతా కాచుకుని కూర్చుంటారు. ఆగస్టు మూడో గురువారం కొత్త డబ్బాలు బజారుకు రావాలి, అది ఆచారం. లేబుళ్ళు అచ్చువేసే పాత ప్రెస్సు మూతపడటంతో రూత్‌కు కొత్త బొమ్మ అవసరమైంది.

ఆమె ఫోన్లో చెప్పింది ఇంతే: "పిల్లా, రాజధానోళ్ళందరూ మేం గొప్పోళ్ళం, మేం గొప్పోళ్ళం అని రాసుకున్నారు. నువ్వొక్కదానివే తక్కువ వాగావు. నాకో చేప గీసిపెట్టు. చూడగానే చేపని తెలియాలి, కంపు కొడుతుందని కూడా తెలియాలి. ఎలా గీస్తావో నీ ఇష్టం. ఇది కుదిరిందా, ఏటేటా నీ చేతే గీయిస్తా."

తూవా ఆ పూటే గీసేసింది. పొట్ట ఉబ్బి, బుగ్గలు పూరించి, "తెరుస్తావా? ఏదీ, తెరువు చూద్దాం" అన్నట్టు ఓరగా చూసే ఎర్రకళ్ళ చేప. గీశాక తనకే నవ్వొచ్చింది. నవ్వు ఆగాక భయం పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక "నీ ఇష్టం" అన్న మాట ఆమెతో ఎవరూ అనలేదు. ఎవరినీ అడక్కుండా ఒక పని మొదలుపెట్టి, ఎవరినీ అడక్కుండా ముగించింది. అది దొంగతనం కాకపోయినా, దానికి దగ్గరి చుట్టంలా కనబడింది. పైగా ఆ రోజు కాఫీ కూడా ఒక్కతే తాగింది. నూర్విక్‌లో ఒంటరిగా కాఫీ తాగే మనిషి గురించి ఇరుగుపొరుగు ఆందోళన పడతారు.

వెళ్ళి ఓర్యన్‌కు చెప్పుకుంది. ఆయన ముఖం గంభీరమైంది.

"ఒంటరిగా స్వతంత్రంగా ఉండటం ప్రమాదం, తూవా. స్వతంత్రులందరూ కలిసే ఉండాలి," అని ఆమెను స్వతంత్ర వృత్తిదారుల సంఘంలో చేర్పించారు.

సంఘం పాత అగ్నిమాపక కేంద్రం మేడమీద ఉండేది. అక్కడ ఎవరికీ యజమాని లేడు. యజమాని లేడు కనుక ఏ సంగతైనా అందరినీ అడగాలి. ఉదయం, మధ్యాహ్నం గంట కొట్టగానే అందరూ లేచి కాఫీ తాగి, దాల్చినచెక్క బన్ను తినాలి. ఆ సమయంలో పనిచేయడం తోటివారిని అవమానించడం కిందికి వస్తుంది. తన సొంత విజిటింగ్ కార్డుకు ఏ రంగు వేసుకోవాలో తేలక ఒకాయన నిరుటి నుంచీ ఎదురుచూస్తున్నాడు. ఆయన్ను సంఘంలో అందరికంటే అనుభవజ్ఞుడిగా గౌరవించేవారు.

తూవా తన చేపను బల్లమీద పెట్టింది. అందరికీ నచ్చింది. చిక్కంతా అక్కడే మొదలైంది. నచ్చినదాన్ని ఇంకా అందరికీ నచ్చేలా చేయడం సంఘం ఆశయం. ఎర్రటి కళ్ళు చేపల పట్ల మనకున్న దురభిప్రాయాన్ని బయటపెడుతున్నాయని ఒకామె బాధపడింది. తూవా చేప కళ్ళు మూయించింది. కళ్ళు మూసుకున్న చేప చచ్చినట్టుందని, పిల్లలు జడుసుకుంటారని మరొకరికి తోచింది. కళ్ళు తీసేశారు. ఉబ్బిన పొట్ట ఒళ్ళు చేసినవారిని నొప్పిస్తుందని పొట్ట తగ్గించారు. తగ్గాక, బక్కచిక్కి ఉండటమే అందమని ప్రచారం చేసినట్టవుతుందని పొట్టే లేకుండా చేశారు. మాంసాహారం ముట్టని ఒక పెద్దమనిషి, చేప డబ్బామీద చేప ఉండి తీరాలా అని ఎంతో మర్యాదగా అడిగాడు. "పులిసిన" అన్న మాట కొనేవాడి అభిప్రాయాన్ని ముందే శాసిస్తుందని కొట్టేశారు. ప్రతి మార్పు తర్వాతా చప్పట్లు మోగాయి. తూవా కొన్నిసార్లు కాదందామనుకునేది. తన వంతు వచ్చేసరికి, "నేనూ అందరితోనే," అనేది.

ఇంతలో నడివేసవి పండుగ వచ్చింది, దేశం మూతపడింది. స్వతంత్రులకు సెలవిచ్చేవారు లేరు కనుక ఒకరికొకరు సెలవు మంజూరు చేసుకుని వేసవి కుటీరాలకు వెళ్ళిపోయారు. అప్పటికి చేప తల ఉండాలా వద్దా అన్న చర్చ సగంలో ఉంది. జూలై అంతా తలలేని మొండెం గోడకు వేలాడింది. తూవా మాత్రం రోజూ వచ్చి దాని ఎదుట నిలబడేది. నాలుగు గీతలు గీస్తే తల వచ్చేస్తుంది. కానీ ఊళ్ళో లేనివారి అభిప్రాయం తెలుసుకోకుండా తల పెట్టడం సభ్యత అనిపించుకోదు. పెన్సిలు చెక్కుకుని, జేబులో పెట్టుకుని, ఇంటికి వెళ్ళిపోయేది.

ఆగస్టులో అందరూ ఎండకు కమిలిన ముక్కులతో తిరిగి వచ్చారు. తల గొడవ ఒక్కపూటలో తేలిపోయింది: తలా వద్దు, మొండెమూ వద్దు. లేతనీలం కాగితం, మధ్యలో చిన్న అక్షరాలతో "డబ్బా" అన్న మాట. దానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. లోపల ఏమున్నా డబ్బా డబ్బాయే కదా. ఓర్యన్ గారి కళ్ళు చెమర్చాయి.

"ఇందులో ఎవరి అహంకారమూ లేదు," అన్నారాయన గద్గదంగా. "గీసిన మనిషిదైతే అసలే లేదు."

తూవా ఆ కాగితం పట్టుకుని రేవుకు వెళ్ళింది. రూత్ చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. వెనక వైపు కూడా చూసింది.

"చేప ఏదే?"

"అందరూ దీనికి ఒప్పుకున్నారు, రూత్."

"ఎవరా అందరూ? నాతో పడవెక్కారా?"

తూవా రేవులో కట్టేసిన పడవ వైపు చూసింది.

"గురువారం ఎదురుగా కూర్చుంది. ఇప్పుడింకేం చేస్తాం, ఇదే అంటిస్తా," అంది రూత్. "నేను నీకు చెప్పానే పిల్లా, ఊరికి చెప్పలేదు. వచ్చే ఏటికి నువ్వొక్కదానివే గీస్తావా, ఊరంతా కలిసి గీస్తుందా, అది తేల్చుకుని రా. రెండోదైతే రాకు."

ఆ గురువారం సాయంత్రమే ఫ్రీలాన్స్ విద్య ముగింపు సభ. బయట వాన జల్లు, కిటికీలన్నీ బిగించారు. స్వయంశక్తి ప్రోత్సాహక అధికారిణిగా రాజధాని నుంచి కొత్తగా వచ్చిన మార్గిట్ ముఖ్య అతిథి. స్వతంత్ర విద్యకు పండిన తొలి ఫలంగా తూవా లేబుల్ అంటించిన డబ్బా ఒకటి వేదికమీద పువ్వుల మధ్య పెట్టారు. దాన్ని తెచ్చిన రూత్ వెనక వరుసలో కూర్చుంది.

డబ్బా ఉబ్బి ఉంది. దాన్ని చూడగానే సభలో ఉన్న ప్రతి స్థానికుడికీ లోపల ఏముందో తెలిసిపోయింది. కానీ లేబుల్ మీద అది లేదు. అందరూ ఆమోదించి తీసేసినదాన్ని పైకి చెప్పడం అందరినీ ధిక్కరించడం అవుతుంది. కనుక మార్గిట్ అది ఏదో పండ్ల రసంలో ఊరిన పళ్ళనుకుని, చిరునవ్వుతో డబ్బా కోసే కత్తి పైన దించుతున్నప్పుడు అందరూ చిరునవ్వుతోనే చూశారు.

బుస్సుమని చిమ్మింది. మార్గిట్ పట్టు స్కార్ఫు, ఓర్యన్ గారి కోటు, ముందు వరుస అంతా తడిసింది. ఆ తర్వాత వాసన లేచింది. దాన్ని వర్ణించేంత భాష నేనింకా నేర్చుకోలేదు.

ఎవరూ లేవలేదు. ముందుగా లేచినవాడు ఒంటరిగా నిర్ణయం తీసుకున్నవాడవుతాడు. మార్గిట్ కన్నీళ్ళు కారుస్తూ, చాలా ఆసక్తికరంగా ఉందని అంది. కిటికీలు తెరిస్తే ఎలా ఉంటుందన్న విషయంపై అభిప్రాయాలు సేకరిద్దామని ఓర్యన్ ప్రతిపాదించగా, వరుస మొదలైంది. కిటికీ పక్కనున్నవారికి చలి వేస్తుందేమోనని మొదటాయన సందేహించాడు. రెండో ఆవిడ తాజా గాలిని గౌరవిస్తూనే, మూసిన కిటికీకి ఉన్న ప్రయోజనాలను గుర్తుచేసింది. విజిటింగ్ కార్డు పెద్దమనిషి ఏ కిటికీ అన్నది ముందు తేలాలన్నాడు. ఇంకొకాయన తన టోపీలోకి మర్యాదగా వాంతి చేసుకుని, వంతును పక్కవారికి అందించాడు.

తూవా వంతు చివరిది. వెనక్కి తిరిగి రూత్‌ను చూసింది. రూత్ ఆమెకేమీ సైగ చేయలేదు, చూస్తూ కూర్చుంది. తూవా తన వంతు రాకుండానే లేచింది.

"అది చేప," అంది. "పులిసిన చేప. కంపు కొడుతోంది. మనందరికీ తెలుసు." వెళ్ళి కిటికీలు ఒకదాని వెంట ఒకటి బార్లా తెరిచేసింది.

కాసేపటికి కుర్చీలు జరిగిన చప్పుడు. అందరూ ఒక్కమాటగా కిటికీల దగ్గరకు జరిగి, తలలు బయటపెట్టి గుండెల నిండా గాలి పీల్చుకున్నారు. కాస్త తెప్పరిల్లాక ఓర్యన్ గొంతు సవరించుకున్నారు.

"తూవా చొరవను మేం గౌరవిస్తున్నాం. అయినా ఆమె ఎవరినీ సంప్రదించకుండా, పూర్తిగా సొంత ఆలోచనతో పనిచేసింది. ఇలాంటి మనిషి స్వతంత్ర వృత్తికి పనికివస్తుందని ఈ కాలేజీ ఎలా చెప్పగలదు?"

వరుస మళ్ళీ నడిచింది. ఈసారి ఆలస్యం కాలేదు. తూవా స్వతంత్ర విద్యలో తప్పిందని, వచ్చే ఏడాది మొదటి నుంచి చదవాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయితే ఆ సాయంత్రం అక్కడ అందరి కళ్ళలోనూ నీళ్ళే కనుక ఎవరూ గమనించలేదు.

రూత్ వేదికెక్కి, తన డబ్బా చంకన పెట్టుకుని, తూవా పక్కగా వెళుతూ ఆగింది. "రేపు పొద్దున రేవుకు రా. వచ్చే ఏటి చేప గీద్దువుగాని. ఎవర్నీ వెంటబెట్టుకు రాకు."

తీర్మానం చేసినవాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరని నేను చెప్పగలను. ఆమె తెరిచిన కిటికీల పక్కనే కూర్చుని, ఆ గాలి హాయిగా పీలుస్తూ చేతులెత్తారు. తిరిగి మూసేయమని మాత్రం ఒక్కరూ సూచించలేదు. ఆ సభలో ఉంటే మీరు చెయ్యెత్తి ఉండేవారు కాదని మీకు అనిపిస్తూ ఉండాలి. తొందరపడి పైకి అనకండి. ముందు పక్కవాళ్ళు ఏమంటారో చూసుకోండి.

గండి సూరమ్మ,
వయసు డెబ్బై నాలుగు,
ప్రస్తుత నివాసం నూర్విక్ రేవు వీధి, స్వీడన్.