వంతెనకు నా భార్య పేరు

భార్య పోయినవాళ్ళు ఏడవనక్కర్లేదు. కంపెనీలు కలపండి చాలు, తిరిగి వచ్చేస్తుంది!

మా పంపుల కంపెనీని గోడ అవతలి పైపుల కంపెనీతో కలిపారు. మాకు ఒక మెసేజింగ్ యాప్, వాళ్ళకు ఇంకొకటి. ఎవరిది వదులుకోవాలన్న దగ్గర పీటముడి పడింది. కంపెనీ అయితే ఇచ్చుకుంటారట గాని యాప్ ఇవ్వరట! చివరికి రెండింటి మధ్యా ఒక వంతెన వేశారు. అక్కడ రాసింది ఇక్కడ, ఇక్కడ రాసింది అక్కడ కనిపిస్తుంది. గోడ పగలగొడితే చవకలో తేలిపోయేది. కాని గోడ పగలగొట్టడానికి కన్సల్టెంట్ దొరకడు కదా!

ఆ వంతెన నిలబడాలంటే మా వైపు ఒక ఖాతా కావాలి. ఎవరూ వాడని ఖాతా కోసం వెతికారు. నా భార్యది దొరికింది. ఆమె డిస్పాచ్‌లో పంపులకు పెట్టెలు కట్టించేది. నేను స్టోర్స్ చూస్తాను. ఆమె పోయి ఏడాది దాటినా ఖాతా తీసేయాలని ఎవరికీ తోచలేదు. మరచిపోవడంలో మా కంపెనీని మించింది లేదు.

అప్పటినుంచి పైపుల వైపు ఎవరు ఏం రాసినా మా ఫోన్లలో ఆమె పేరుతో, ఆమె ఫొటోతో వస్తోంది. ఆ పేరు వదిలేయమని నేను ఐటీ వాళ్ళ చుట్టూ తిరిగానని మీరు విని ఉంటారు. తిరిగాను. వరాన్ని వరమని తెలుసుకోలేకపోయాను.

వరం కాక మరేమిటి? బతికున్నప్పుడు ఆమె నాతో పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక విసురు. అంతే. ఇప్పుడు పొద్దస్తమానం మాట్లాడుతోంది! 'గౌరవనీయులైన స్టోర్స్ వారికి, వాషర్లు పంపగలరు' అంటోంది. గౌరవనీయులు! ఈ మాట కోసం కాపురమంతా ఎదురుచూశాను.

ఒకరోజు పైపుల వాళ్ళు ఇద్దరు తిట్టుకున్నారు. మా వైపు చూస్తే, ఆమె ఆమెతోనే పోట్లాడుతోంది. 'నువ్వు పంపలేదు.' 'నువ్వు అడిగితే కదా!' ఆ రెండో పాత్ర వెనకటికి నాది. ఇప్పుడు నా అవసరం కూడా లేదు. ఎంత విశ్రాంతి!

ఇంకోరోజు 'నాకు పెళ్ళి కుదిరింది, అందరూ తప్పక రావాలి' అని రాసింది. లేత్ మిషన్ మీద పనిచేసే నోటిదూల మనిషి పరుగున వచ్చాడు. నా భార్యను అక్కా అని పిలిచేవాడు.

"ఏం బావా, అక్కకి పెళ్ళంట కదా! నిన్ను పిలిచిందా?"

"పిలిచింది. నిన్ను మాత్రం తేవద్దంది."

పగలబడి నవ్వాడు. తర్వాత ఫోన్లో ఆమె ఫొటో చూసి నవ్వు ఆపాడు.

"ఇది బాలేదు బావా. ఆ పేరు తీయించెయ్."

నెలాఖరుకు యాప్ తనంతట తాను ఆమెకు 'ఉత్తమ సంభాషణకర్త' అని బిరుదు ఇచ్చింది. పర్సనెల్ మేనేజరు చప్పట్ల బొమ్మ పెట్టాడు. ఆమె పోయిన రోజున పాపం ఆయన దగ్గర ఏ బొమ్మా లేదు.

ఇక ఐటీ ఇంజనీరు. ఏం అడిగినా కంప్యూటర్లో అర్జీ, అదే టికెట్, పెట్టమంటాడు గనక అందరూ అతన్ని టికెట్ అనే పిలుస్తారు.

"ఆ పేరు మార్చవయ్యా."

"టికెట్ పెట్టారా సార్?"

"పెట్టాను."

"మీరు పెడితే చెల్లదు సార్. ఖాతా ఎవరిదో వాళ్ళే పెట్టాలి."

"ఆవిడ చనిపోయింది."

"అయ్యో! పొద్దున్నుంచీ లాగిన్‌లోనే ఉన్నారే!"

మా ఊరి బడిలో రాని పిల్లవాడి బదులు ఇంకొకడు హాజరు పలికితే ఇద్దరికీ బెత్తం పడేది. ఇక్కడ దాన్ని టెక్నాలజీ అంటారు. చదువులు పెరిగాయి మరి!

ఇంతలో పైపుల మేనేజరు ఒక హుకుం జారీ చేశాడు. ఆలస్యంగా వచ్చినవాళ్ళను గేటు దగ్గరే ఆపేస్తామని. మీసం మెలేసి రాసి ఉంటాడు. మాకు మాత్రం అది డిస్పాచ్‌లో పెట్టెలు కట్టించిన ఆడమనిషి పేరుతో వచ్చింది. మావాళ్ళు ఊరుకుంటారా? 'అలాగే అక్కా' అన్నారు. 'గేటు దగ్గర టీ ఇప్పిస్తావా అక్కా?' అన్నాడు లేత్ మనిషి. ఆ 'అక్కా'లన్నీ వంతెన దాటి నేరుగా మేనేజరు ఫోన్లో వాలాయి.

టీ చల్లారేలోపు పేరు తీసే పని అయిపోయింది! టికెట్ అక్కర్లేదు. ఖాతా ఎవరిదన్న ప్రశ్న లేదు. ఏడాది కిందట చనిపోయిన మనిషి పరువుకు దొరకని తీరిక, మీసానికి చిటికెలో దొరికింది.

నేను అడిగింది పేరు వదిలేయమని. వాళ్ళు వంతెనకు వేరే ఖాతా ఇచ్చి, ఆమె ఖాతానే కూకటివేళ్ళతో పెరికేశారు. డిస్పాచ్ నుంచి ఆమె నాకు రాసినవన్నీ దాంతోపాటే పోయాయి. 'మేకులు లేవు.' 'మాత్ర వేసుకున్నావా?' 'మేకులు ఏవీ?'

"మూలంతో సహా తీసేశాం సార్. ఇంక మీకు ఇబ్బంది ఉండదు" అన్నాడు టికెట్, మెచ్చుకుంటానని చూస్తూ.

ఇప్పుడు ఆమె పేరు కొట్టి వెతికితే, 'ఈ సంస్థలో ఈ పేరుగలవారు ఎప్పుడూ లేరు' అని వస్తోంది.

ఆమెను జబ్బు కూడా తీసుకుపోయింది. కాని దానికి మర్యాద తెలుసు. పేరు జోలికి రాలేదు.