బిల్లు లేని చందమామ

ఆ ఉదయం ప్లంబరు వేసుకున్న పథకం చిన్నదే. ఎనిమిదికల్లా దుర్భిణి తుడిచి, తొమ్మిదింటికి వచ్చే న్యాయనిర్ణేతకు చూపించి, ఆ తర్వాత పనిలోకి వెళ్ళడం. ఆ దుర్భిణి అతని సొంత తయారీ: ప్లాస్టిక్ గొట్టానికి ఒక కొసన కళ్ళజోళ్ళ కొట్టులో అడిగి తెచ్చుకున్న అద్దం, రెండో కొసన పాత బైనాక్యులర్‌లోంచి ఊడదీసిన చిన్న అద్దం. దానికి ఫోన్ ఆనించి తీసిన చందమామ ఫోటో పోటీలో చివరి పదింటిలోకి వచ్చింది. గొట్టంతో అంత మంచి ఫోటో రావడం కల్ల అని ఎవరో ఫిర్యాదు చేశారు. పరికరం చూపించకపోతే ఫోటోను పోటీలోంచి తీసేస్తారు.

తీరా చూస్తే గొట్టం లేదు. అద్దాలు రెండూ స్టూలు మీద బుద్ధిగా కూర్చున్నాయి.

తనతో కలిసి పనిచేసే తోడల్లుడికి ఫోన్ చేశాడు.

"నువ్వు స్నానం చేసొచ్చేలోపే టీచరమ్మగారి సింకు పని కానిచ్చేశా అన్నయ్యా! గొట్టం అతికినట్టు సరిపోయింది. లోపల ఎవడో తలకిమాసినవాడు అద్దాలు బిగించాడు. నీళ్ళెలా పోతాయి? పీకేశా."

"ఆ తలకిమాసినవాణ్ణి నేనేరా!"

అద్దాలు జేబులో వేసుకుని ప్లంబరు పరుగెత్తాడు. రిటైరైన టీచరమ్మ వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నెల్లాళ్ళకి కారడం ఆగింది. దానిమీద చెయ్యేశావో, ఊరుకోను."

"అమ్మా, అది చందమామని చూసే గొట్టం."

"ఇప్పుడు అంట్లనీళ్ళు చూస్తోందిలే."

పైగా తోడల్లుడు దాన్ని రెండు ముక్కలుగా కోశాడు కూడా.

ఇంతలో న్యాయనిర్ణేత రానే వచ్చాడు. ప్లంబరు భార్య దారి చెప్పి పంపింది. మెడలో టై చూసి టీచరమ్మ ఆయన్ని నీళ్ళ ఆఫీసు అధికారి అనుకుంది.

"మూడు ఉత్తరాలు రాస్తే ఇప్పటికా రావడం?" అంటూ సింకు కిందికి వంగబెట్టింది.

"ఇదా పరికరం?" అన్నాడాయన కింద నుంచే.

"అదే సార్. వాడకంలో ఉంది," అన్నాడు ప్లంబరు నీరసంగా.

సంగతంతా విని ఆయన మోకాళ్ళు దులుపుకున్నాడు. "నేను చెయ్యగలిగిందేం లేదయ్యా."

టీచరమ్మకు ఎక్కడో గుచ్చుకుంది. "మిగతా తొమ్మిదిమంది ఇళ్ళకీ వెళ్ళారా మీరు?"

"వాళ్ళు పెద్ద టెలిస్కోపులు కొన్న బిల్లులు పంపారండి."

"ఓహో! బిల్లుంటే చందమామ నిజం, లేకపోతే అబద్ధమా?"

ప్లంబరు కిటికీలోంచి చూశాడు. పడమటి ఆకాశంలో పాలిపోయిన అర చందమామ ఇంకా వేలాడుతూనే ఉంది.

"అరగంట ఆగండి సార్."

అక్కడే పనిముట్లు సర్దుకుంటున్న తోడల్లుడు ఒక్క ఉదుటున వెళ్ళి కొత్త గొట్టం తెచ్చాడు. ప్లంబరు కోశాడు, రుద్దాడు, అద్దాలు బిగించి డాబా పిట్టగోడ మీద ఆనించాడు. ఆయన అనుమానంగా కన్ను పెట్టాడు. పెట్టిన కన్ను తియ్యలేదు.

"గుంటలు... అంచులతో సహా!"

"నాకూ కాస్త చూపిస్తారా?" అంది టీచరమ్మ.

"ఒక్క నిమిషమండి," అని ఆయన మూడుసార్లు అన్నాడు.

ఫోటో పోటీలో నిలిచింది. వచ్చే ఏటి నుంచి బిల్లులు అడగడం మానిపిస్తానని ఆయన మాటిచ్చాడు. తర్వాత మెట్టు మీద కూర్చుని, నిజాయితీపరుడు కాబట్టి, తనిఖీ పత్రంలో ఉన్నదున్నట్టు రాశాడు: "పరికరం సింకు కింద ఉంది. కారడం లేదు."